లినక్స్ మింట్‌తో మూడేళ్లు: ఇంట్లో నెట్ ఆగినప్పుడల్లా అది ఎంతవరకు పనికొచ్చింది

తాడేపల్లిగూడెంలో ఇంటి నుంచే అనువాద పని చేసుకునే నాకు నెట్ ఆగడమంటే ఆ పూట పని ఆగడమే. 2023 జనవరిలో నా పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ 21.1 వేసుకున్నాను, 2024 చివర్లో 22కి మార్చుకున్నాను, ఈ రోజు వరకు ప్రతి పనిదినమూ దాని మీదే గడిచింది. మింట్ రూపురేఖల గురించి గానీ, అందులో వచ్చే ఆఫీసు సాఫ్ట్‌వేర్ గురించి గానీ ఈ సమీక్షలో రాయబోవడం లేదు. కంప్యూటర్ చదువు చదవని మనిషి, ఇంట్లో నెట్ పోయినప్పుడు తప్పు ఎక్కడుందో వెతుక్కోవడానికి ఈ వ్యవస్థ ఎంతవరకు సహకరిస్తుంది, ఎక్కడ చేయి వదిలేస్తుంది అన్న ఒక్క విషయమే రాస్తాను. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన తరువాత, బాగా పనిచేస్తున్న లాప్‌టాప్‌ను మూలన పడేయడానికి మనసొప్పని బంధువులు కొందరు నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా ఇదే: "లినక్స్ వేస్తే నెట్ సరిగ్గా వస్తుందా?"

వస్తుంది. అయితే మొదటి రోజు రాకపోవచ్చు, నాకు రాలేదు. ఆ మొదటి రోజు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆ తరువాత వచ్చిన ఏ చిక్కూ నన్ను అంత కంగారు పెట్టలేదు.

హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు సంక్రాంతికి వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్‌లో మింట్ ఎక్కించి ఇచ్చి వెళ్లాడు. నేను దాన్ని పెట్టి లాప్‌టాప్ ఆన్ చేస్తే, ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండానే డెస్క్‌టాప్ తెరుచుకుంది. అన్నీ బాగున్నాయి గానీ కింద మూలన ఉండే నెట్‌వర్క్ గుర్తు నొక్కితే వైఫై అన్న మాటే లేదు. ఫోన్ చేస్తే తమ్ముడు అన్న మొదటి మాట ఇది: "అక్కా, కంగారు పడకు, నీ ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి టెథరింగ్ ఆన్ చెయ్యి." చేశాను. అర నిమిషంలో లాప్‌టాప్‌కి ఫోన్ ద్వారా నెట్ వచ్చింది. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఇలా వైరుతో కలిపితే లినక్స్ దాన్ని మామూలు కేబుల్ కనెక్షన్‌లాగే చూస్తుంది, దానికి విడిగా డ్రైవర్ (పరికరాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామ్) అవసరం లేదు. వైఫై డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి ఆ డ్రైవర్ కావాలి అన్న ముడిని విప్పేది ఈ ఒక్క వైరే. కొత్తగా వేసుకునేవారికి మొట్టమొదట చెప్పవలసిన మాట ఇదేనని నా నమ్మకం. నేను చూసిన పరిచయ వ్యాసాల్లో మాత్రం ఇది ఎక్కడో చివర్లో ఉంటుంది.

ఇన్‌స్టాల్ ముగిశాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అది వైఫై చిప్‌ను గుర్తుపట్టి, సరిపోయే డ్రైవర్‌ను సూచించింది. ఎక్కించే సమయంలో ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ పెట్టుకోమని అడిగింది, పెట్టాను. మళ్లీ ఆన్ చేయగానే నీలం రంగు తెర ఒకటి వచ్చి, ఏదైనా మీట నొక్కమని పది సెకన్లు లెక్కపెట్టింది. నాకు అర్థం కాక ఊరుకున్నాను, అది మామూలుగా ముందుకు సాగిపోయింది, వైఫై రాలేదు. ఆ నీలం తెర సెక్యూర్ బూట్‌కు సంబంధించినది. లాప్‌టాప్‌లో సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, బయటి నుంచి వచ్చిన డ్రైవర్‌ను యజమాని స్వయంగా ఒప్పుకున్నానని చెప్పేదాకా కెర్నల్ (వ్యవస్థకు గుండెకాయ లాంటి భాగం) దాన్ని లోపలికి రానివ్వదు. ఆ తెర వచ్చినప్పుడు మీట నొక్కి, ఎన్‌రోల్ అన్న వరుస ఎంచుకుని, ముందు పెట్టుకున్న పాస్‌వర్డే మళ్లీ కొట్టాలి. డ్రైవర్ ఎక్కింది, కానీ పనిచేయడం లేదు అని చెప్పేవారిలో కొందరి విషయంలోనైనా కారణం ఇదే అయివుంటుంది. రెండోసారి జాగ్రత్తగా చేశాను, వైఫై పేర్ల జాబితా కనిపించింది. మొత్తం ఒక సాయంత్రం పట్టింది. పక్కన తెలిసినవారు ఉంటే అరగంట పని.

అందుకే లాప్‌టాప్‌లో ఉన్నది చెరిపి మింట్ వేసే ముందు పెన్‌డ్రైవ్ మీదే ఒక గంట నడిపి, వైఫై కనిపిస్తుందో లేదో చూసుకోవడం తప్పనిసరి. సిస్టమ్ రిపోర్ట్స్ అనే విండో తెరిస్తే నెట్‌వర్క్ అన్న శీర్షిక కింద చిప్ పేరు, దానికి అమరిన డ్రైవర్ పేరు పక్కపక్కనే ఉంటాయి. డ్రైవర్ చోట ఏమీ లేకపోతే ముందు ఆ సంగతి తేల్చుకోవాలి. కొత్తగా యూఎస్‌బీ వైఫై పరికరం కొందామనుకునేవారు కూడా మోడల్ పేరుతో సరిపెట్టుకోకుండా లోపల ఏ చిప్ ఉందో కనుక్కోవాలి, ఒకే మోడల్ పేరు మీద వేర్వేరు చిప్‌లు రావడం ఉంది.

తరువాతి రెండు నెలలు నన్ను వేధించినది వేరే రకం చిక్కు. నెట్ పోయేది కాదు, కానీ మందంగా ఉండేది. పది నిమిషాలు ఏదో చదువుకుని మళ్లీ ఒక లింకు నొక్కితే మొదటి పేజీ కదిలేది కాదు, అది వచ్చాక మిగతావి చకచకా వచ్చేవి. రౌటర్‌కు మూడడుగుల దూరంలో కూర్చున్నా అదే తంతు. ఫోన్లలో లేదు, ఈ లాప్‌టాప్‌లోనే ఉంది. పింగ్ అనే ఆదేశాన్ని నేను మొదటిసారి వాడింది అప్పుడే. పింగ్ చేసేది చాలా చిన్న పని: అవతలి యంత్రానికి ఒక చిన్న ప్యాకెట్, అంటే డేటా మూట, పంపి, జవాబు ఎంతసేపట్లో వచ్చిందో మిల్లీసెకన్లలో చూపిస్తుంది. రౌటర్ చిరునామా 192.168.1.1కి పింగ్ పెట్టి వదిలేస్తే, 2, 3 మిల్లీసెకన్లు ఉండవలసినది ఉండుండి 150, 200 దాటుతోంది. రౌటర్ దాకా వెళ్లి రావడానికే ఇంత సమయం పడుతోందంటే బయటి లైనుతో దీనికి సంబంధం లేదని తేలిపోయింది.

కారణం వైఫై పవర్ సేవింగ్. బ్యాటరీ మిగిలేందుకు చిప్‌ను మధ్యమధ్య నిద్రపుచ్చే అమరిక అది, నెట్‌వర్క్‌మేనేజర్ సెట్టింగులలో ఒక చిన్న ఫైలులో ఉంటుంది. అందులో 3 అని ఉంటే పవర్ సేవింగ్ ఆన్, 2 అని ఉంటే ఆఫ్. చాలా చిప్‌లు ఆ నిద్ర నుంచి వెంటనే లేస్తాయి, నా లాప్‌టాప్‌లోని పాత చిప్ లేవదు. ఫైలులో 3 తీసి 2 పెట్టి, లాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. పింగ్ అంకెలు స్థిరపడ్డాయి, రోజంతా పేజీలు వెంటవెంటనే తెరుచుకున్నాయి. బ్యాటరీలో తేడా నా పనికి తెలిసేంతగా లేదు. ఈ ఒక్క మార్పు కోసం ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లోకి వెళ్లి, పాస్‌వర్డ్ కొట్టి, వ్యవస్థకు చెందిన ఫైలును తెరవవలసి రావడం కొత్తవారికి భయం కలిగించే పని. నెట్‌వర్క్ సెట్టింగుల కిటికీలో దీనికొక మీట నాకు కనిపించలేదు, అక్కడే ఉంటే ఎంతోమందికి మేలు.

ఈ రెండు అనుభవాల తరువాత, నెట్ ఆగిన ప్రతిసారీ ఒకే వరుసలో చూడడం అలవాటు చేసుకున్నాను. చిప్ కనిపిస్తోందా అన్నది మొదట చూస్తాను. కనిపిస్తే రౌటర్ నుంచి లాప్‌టాప్‌కు ఐపీ చిరునామా, అంటే నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెల వరుస, వచ్చిందో లేదో చూస్తాను. వచ్చి ఉంటే గేట్‌వేకు, అంటే రౌటర్‌కు పింగ్ పెడతాను. అది పలికితే బయట ఎప్పుడూ పలికే 8.8.8.8 వంటి ఒక అంకెల చిరునామాకు పెడతాను. అదీ పలికితే చివరికి ఏదో ఒక సైటు పేరుకు పెడతాను. ఈ గొలుసులో ఏ మెట్టు దగ్గర జవాబు ఆగిందో తప్పు అక్కడే ఉంటుంది, మిగతావాటిని ముట్టుకోనవసరం లేదు. మింట్‌లో దీనికి విడిగా ఏదీ దించుకోవలసిన పని లేకపోవడం నాకు బాగా నచ్చిన విషయం. నెట్ లేనప్పుడు వాడవలసిన సాధనాన్ని నెట్ ద్వారా తెచ్చుకోమంటే అది ఉన్నా లేనట్టే కదా.

ఈ వరుస ఎంత అక్కరకు వచ్చిందో చెప్పడానికి ఒక సంఘటన చాలు. 2023 వేసవిలో వెనకగదికి సిగ్నల్ అందడం లేదని, అటక మీద ఉన్న పాత రౌటర్‌ను దించి, ఆపరేటర్ పెట్టిన ఓఎన్‌టీ (ఫైబర్ లైను వచ్చి కలిసే పెట్టె, మా ఇంటి రౌటర్ అదే) నుంచి కేబుల్ లాగి దాని ల్యాన్ పోర్టులో పెట్టాను. ఆ వారం నుంచి నా లాప్‌టాప్‌లో ఒక పూట నెట్ వస్తే ఒక పూట రాదు. ఇంట్లో ఫోన్లు బాగానే పనిచేస్తున్నాయి. ఫిర్యాదు చేస్తే వచ్చిన లైన్‌మ్యాన్ తన ఫోన్‌లో స్పీడ్ చూపించి, "లైను బాగానే ఉందమ్మా, మీ కంప్యూటర్‌లో ఆ లినక్స్ ఉంది కదా, దాంతోనే తేడా" అని వెళ్లిపోయాడు. ఇంట్లోవారికి కూడా అదే సబబుగా తోచింది. ఆ సాయంత్రం నెట్ లేని సమయంలో ఐపీ రూట్ అనే ఆదేశం కొట్టి చూస్తే, గేట్‌వే 192.168.1.1 అని ఉండవలసిన చోట 192.168.0.1 అని ఉంది. ఆ చిరునామా పాత రౌటర్‌ది.

ఇంట్లో పరికరాలకు చిరునామాలు పంచే పని డీహెచ్‌సీపీది. ఒక ఇంటికి ఆ పంచేవారు ఒక్కరే ఉండాలి. నేను పాత రౌటర్‌లో దాన్ని ఆపకుండా కలిపేశాను కాబట్టి ఇద్దరు పంచుతున్నారు. లాప్‌టాప్ ఆన్ చేసి అడిగినప్పుడు ఓఎన్‌టీ ముందు పలికితే నెట్ వచ్చేది, పాత రౌటర్ ముందు పలికితే అది తననే గేట్‌వేగా చెప్పుకునేది. దాని వెనక బయటి లైను ఏదీ లేదు గనుక ప్యాకెట్లు అక్కడే ఆగిపోయేవి. ఫోన్లు ఎప్పుడో ఓఎన్‌టీ నుంచి తీసుకున్న చిరునామానే పొడిగించుకుంటూ ఉండడంతో వాటికి ఈ బాధ తగలలేదు. పాత రౌటర్ పేజీలోకి వెళ్లి డీహెచ్‌సీపీ ఆపి, దానికి 192.168.1.2 అన్న చిరునామా పెట్టాక ఆ చిక్కు మళ్లీ రాలేదు. లినక్స్ మీద పడిన నింద తప్పని చూపించగలిగినందుకు ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పక్కన విండోస్ ఉన్నా ఇదే జరిగేది, తెలుసుకునే దారి అక్కడా ఉంది. నా వరకు దాన్ని చూడడం నేర్పింది మాత్రం మింట్.

పేర్ల చిక్కు ఇంతకంటే తేలిక. అంకెల చిరునామాకు పింగ్ పలుకుతుంది, సైటు పేరు పెడితే మాత్రం పేరు తెలియడం లేదని జవాబు వస్తుంది. పేరును అంకెగా మార్చి చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ ఆ సమయానికి పనిచేయడం లేదన్నమాట. ఆపరేటర్ ఇచ్చిన సర్వర్ బదులు 1.1.1.1 గానీ 8.8.8.8 గానీ పెట్టుకుంటే సరిపోతుంది. మింట్‌లో నెట్‌వర్క్ సెట్టింగులు తెరిచి, ఐపీవీ4 అన్న చోట డీఎన్‌ఎస్ పక్కన ఉన్న ఆటోమేటిక్ అన్న మీటను ఆపి, అంకెలు రాసి, కనెక్షన్‌ను ఒకసారి ఆపి ఆన్ చేయాలి. ఆ చివరి పని చేయకపోతే మార్పు అమలు కాదు. పాత సలహాలు చదివి రిజాల్వ్ కాన్ఫ్ అనే ఫైలును నేరుగా దిద్దినవారికి, మళ్లీ ఆన్ చేసేసరికి దిద్దినదంతా పోయిందన్న అనుభవం ఎదురవుతుంది. ఇప్పటి మింట్‌లో ఆ ఫైలును వ్యవస్థే తయారు చేస్తుంది, మనం రాసింది అందులో నిలవదు. నేనూ రెండుసార్లు రాసి పోగొట్టుకున్నాను. లినక్స్ గురించి దొరికే సలహాల్లో పదేళ్ల నాటివి, ఈ నెలవి పక్కపక్కనే ఉంటాయి, తేదీ చూడకుండా ఏదీ పాటించకూడదు.

ఇదే సందర్భంలో భాష గురించి ఒక మాట. తెలుగులో రాసి బతికే మనిషినైనా నా లాప్‌టాప్‌లో వ్యవస్థ భాషను ఇంగ్లిష్‌లోనే ఉంచుకున్నాను. కారణం ఒక్కటే: తప్పు వచ్చినప్పుడు కనిపించే వాక్యాన్ని అక్షరం తప్పకుండా వెతికితే, అదే తప్పు ఎదురైనవారు రాసిన పరిష్కారం దొరుకుతుంది. తెలుగులో అలా వెతికితే దొరికే రోజు రావాలని కోరుకుంటాను. ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణం.

కేబుల్ సంగతి 2024లో తెలిసింది. 200 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారాను. కేబుల్ పెట్టి చూసినా స్పీడు 94 దగ్గర ఆగిపోతోంది, ఎన్నిసార్లు కొలిచినా అదే అంకె. అంత నిలకడగా ఒకే అంకె దగ్గర ఆగడమే అనుమానం కలిగించింది. లైను సరిగా లేకపోతే అంకెలు పైకీ కిందకీ ఊగాలి. మింట్ నెట్‌వర్క్ సెట్టింగులలో కేబుల్ కనెక్షన్ పక్కన ఎంత వేగంతో కలిసిందో రాసి ఉంటుంది. నాది 1000 అని ఉండవలసినది 100 అని ఉంది. ల్యాన్ కేబుల్‌లో నాలుగు జతల తీగలు ఉంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగూ కావాలి, 100కి రెండు జతలు చాలు. మిగతా రెండు జతల్లో ఒక్క తీగ తెగినా సాధారణంగా రెండు వైపుల యంత్రాలు తమలో తాము 100కి ఒప్పందం చేసుకుని పని సాగిస్తాయి, మనకు ఏ హెచ్చరికా రాదు. కిటికీ తలుపు మూసిన ప్రతిసారీ నలుగుతున్న చోట మా కేబుల్ చితికిపోయి ఉంది. ఆ ముక్క కోసి, కొత్త ఆర్‌జే-45 కనెక్టర్ బిగించి, తలుపుకు తగలకుండా దారి మార్చారు. సెట్టింగులలో 1000 అని కనిపించింది, ప్లాన్ వేగం పూర్తిగా వచ్చింది.

అన్నిటికంటే అంతుపట్టనిది, నా పనికి నేరుగా దెబ్బకొట్టినది మాత్రం ఎంటీయూ, అంటే ఒక్కో ప్యాకెట్ ఎంత పెద్దదిగా ఉండవచ్చన్న హద్దు, తెచ్చిన సమస్య. 2025 ఏప్రిల్‌లో ఆపరేటర్ మా ఓఎన్‌టీ మార్చి కొత్తది పెట్టాడు. మర్నాటి నుంచి నాకు ఫైళ్లు వచ్చే సైటు ఒకటి సగం తెరుచుకుని ఆగిపోయేది. మిగతా సైట్లు చాలావరకు బాగానే వస్తున్నాయి, వీడియోలు వస్తున్నాయి, పింగ్ పలుకుతోంది, పేర్లు తెలుస్తున్నాయి. నా గొలుసులోని మెట్లన్నీ సరిగ్గానే ఉన్నాయి, పని మాత్రం జరగడం లేదు. లినక్స్ తప్పేమోనని నేనే అనుమానపడి, ఇంటి వైఫై మీద ఫోన్‌లో అదే సైటు తెరిచాను, అక్కడా ఆగింది. ఫోన్‌ను మొబైల్ డేటాకు మారిస్తే వెంటనే వచ్చింది. అంటే తప్పు లాప్‌టాప్‌లోనూ లేదు, సైటులోనూ లేదు, మా ఇంటి లైనులో ఉంది. అయినా ఏమని ఫిర్యాదు చేయాలి? నెట్ ఉంది కదా అంటారు.

తమ్ముడు ఫోన్‌లో చెప్పిన పరీక్ష ఇది. పింగ్ పంపే ప్యాకెట్ పెద్దదిగా ఉండాలని, దారిలో ఎవరూ దాన్ని ముక్కలు చేయకూడదని రెండు షరతులు పెట్టవచ్చు. మామూలు ఈథర్‌నెట్ మీద ఒక ప్యాకెట్ 1500 బైట్ల వరకు ఉండవచ్చు. అందులో 28 బైట్లు పింగ్‌కు కావలసిన తలకట్టుకు పోతాయి గనుక లోపల 1472 బైట్ల సరుకు పట్టాలి. 1472తో పంపితే ప్యాకెట్ పెద్దదైపోయిందని తిరస్కారం వచ్చింది. 1464కి తగ్గిస్తే పలికింది. 1464కి 28 కలిపితే 1492. ఆ అంకె చూడగానే తమ్ముడు, "అక్కా, మీది పీపీపీఓఈ లైను, ఎనిమిది బైట్లు దానికి పోతున్నాయి" అన్నాడు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే ఫైబర్ లైన్లలో ఈ పీపీపీఓఈ పద్ధతి వాడతారు, ప్రతి ప్యాకెట్ మీదా అది 8 బైట్ల తొడుగు వేస్తుంది. అందుకే 1500 పట్టే చోట 1492 మాత్రమే పడుతుంది. రౌటర్ సరిగా అమర్చి ఉంటే అవతలి సర్వర్లకు ఆ సంగతి ముందే తెలిసేలా చేస్తుంది. కొత్త ఓఎన్‌టీలో ఆ అమరిక లేదు. పెద్ద ప్యాకెట్లు పంపే సర్వర్‌కు "చిన్నవి పంపు" అన్న కబురు అందకపోతే అది పెద్దవే పంపుతూ ఉంటుంది, అవి దారిలోనే రాలిపోతూ ఉంటాయి, మనకు పేజీ సగంలో ఆగినట్టు కనిపిస్తుంది. చిన్న ప్యాకెట్లతో నడిచే పింగ్, పేర్ల వెతుకులాట వంటివి మాత్రం ఏమీ జరగనట్టే పనిచేస్తాయి.

మింట్‌లో కనెక్షన్ వివరాలు దిద్దే విండోలో ఎంటీయూ అన్న గడి ఉంటుంది. ఆటోమేటిక్ అని ఉన్నదాన్ని 1492 చేసి, కనెక్షన్ ఆపి ఆన్ చేశాను. ఆ సైటు పూర్తిగా తెరుచుకుంది. రెండు వారాల బాధ ఒక అంకెతో తీరింది. అది నా ఒక్క లాప్‌టాప్‌కు మాత్రమే మందు గనుక, ఆపరేటర్‌కు ఈ అంకెలన్నీ వాట్సాప్‌లో రాసి పంపాను. ఈసారి వచ్చినతను వేరే మనిషి. అతను చదివి, తల ఊపి, ఓఎన్‌టీలోనే మార్చి వెళ్లాడు. ఆ తరువాత ఫోన్లలో కూడా సైటు వచ్చింది. "నెట్ సరిగా రావట్లేదు" అన్న ఫిర్యాదుకు దొరికే జవాబుకూ, "1464 వెళ్తోంది, 1472 వెళ్లడం లేదు" అన్న ఫిర్యాదుకు దొరికే జవాబుకూ ఎంత తేడా ఉంటుందో నేను కళ్లారా చూశాను.

అంకెలతో మాట్లాడడం లైను పోయినప్పుడు కూడా పనికొచ్చింది. నిరుడు గాలివానకు వీధిలో కొబ్బరి మట్ట ఫైబర్ మీద పడి లాగేసింది. ఓఎన్‌టీ మీద లాస్ అన్న లైటు ఎర్రగా వెలిగితే కాంతి సరిగా అందనట్టే, దానికి పరీక్ష అక్కరలేదు. కానీ ఆ రోజు ఎర్రలైటు వెలగకుండానే నెట్ నిమిషానికోసారి పోతోంది. రౌటర్‌కు పింగ్ నిలకడగా ఉంది, బయటి చిరునామాకు పెట్టిన పింగ్‌లో ప్యాకెట్లు పోతున్నాయి. ఓఎన్‌టీ పేజీ తెరిచి చూస్తే అందుతున్న కాంతి మైనస్ 28 డీబీఎం దగ్గర ఉంది. మైనస్ గుర్తు పక్కన అంకె పెరిగేకొద్దీ కాంతి తగ్గినట్టు. ఇళ్లకు వచ్చే ఫైబర్‌కు మైనస్ 27 దాటితే ప్రమాదపు అంచు. ఫైబర్ తెగలేదు, ఎక్కడో వంగి నలిగింది. ఆ అంకె చెప్పగానే అవతలివారు ఓఎన్‌టీని రీస్టార్ట్ చేయమని చెప్పకుండా నేరుగా స్తంభం దగ్గరికే మనిషిని పంపారు.

ఇవన్నీ లినక్స్ తప్పు కాని సందర్భాలు. దాని వైపు నుంచే వచ్చిన ఇబ్బంది ఇంకొకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. బయటి నుంచి వచ్చిన వైఫై డ్రైవర్ వాడేవారికి కెర్నల్ మారిన ప్రతిసారీ ఆ డ్రైవర్ కొత్త కెర్నల్‌కు తగ్గట్టు మళ్లీ తయారు కావాలి. అది మామూలుగా తెర వెనక దానంతటదే జరిగిపోతుంది. 22కి మారిన కొన్నాళ్లకు ఒకసారి జరగలేదు, అప్‌డేట్ తరువాత వైఫై మాయమైంది. లాప్‌టాప్ ఆన్ అవుతున్నప్పుడు ఎస్కేప్ మీట నొక్కితే వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకుంటే వైఫై తిరిగి వచ్చింది. వారం రోజులు దాంతోనే పని చేసుకున్నాను, తరువాతి అప్‌డేట్‌తో కొత్త కెర్నల్‌లోనూ సరిపడింది. పాత కెర్నల్‌ను వెంటనే తీసేయకుండా ఉంచుకోవడం, అప్‌డేట్లకు ముందు టైమ్‌షిఫ్ట్ అనే సాధనంతో వ్యవస్థకు ఒక ప్రతి తీసుకోవడం అప్పటి నుంచి మానలేదు. తొలినాళ్లలోనే ఈ దెబ్బ తగిలి ఉంటే నేను మింట్ వదిలేసి ఉండేదాన్నేమో. డ్రైవర్ కెర్నల్‌లోనే కలిసి ఉన్న వైఫై చిప్‌లకు ఈ బెడద లేదు, కొత్తగా లాప్‌టాప్ కొనేవారు అటువంటి చిప్ ఉన్నదాన్నే ఎంచుకుంటే మొదటి సాయంత్రపు శ్రమ కూడా తప్పుతుంది.

పాస్‌వర్డ్ విషయంలో ఒక చిన్న ఉపయోగం. వైఫై మళ్లీ మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతూ కలవకపోతే, లాగ్స్ అనే విండోలో ఆ నిమిషంలో నమోదైన వరుసలు చదవాలి. పాస్‌వర్డ్ తప్పయితే ఆ మాటే అక్కడ ఉంటుంది. ఆ మాట కనిపించకపోతే, రౌటర్‌లో భద్రత డబ్ల్యూపీఏ3కి మారిందేమో చూడాలి. పాత చిప్‌లలో కొన్ని దాన్ని అందుకోలేవు, డబ్ల్యూపీఏ2కి తెస్తే కలుస్తాయి.

మింట్ 22కి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు ఉంటాయి కాబట్టి ఈ లాప్‌టాప్ బతికినంతకాలం దాన్నే ఉంచుకుంటాను. తెలిసినవారికి నా సిఫారసు కూడా అదే. అయితే కొన్ని షరతులున్నాయి: పెన్‌డ్రైవ్ మీద వైఫై చూసుకున్నాకే వేయాలి, ఫోన్ టెథరింగ్ వైరు దగ్గర ఉండాలి, మొదటి నెలలో ఫోన్ చేస్తే పలికే మనిషి ఒకరు ఉండాలి. ఆ మూడోది లేనివారికి నేనైతే తొందరపడమని చెప్పను.

ఈ మూడేళ్లలో తీరని చిక్కు ఒకటి మిగిలే ఉంది. లాప్‌టాప్ మూసి, మళ్లీ తెరిచినప్పుడు వైఫై కలవడానికి పది, పదిహేను సెకన్లు పడుతుంది, ఒక్కోసారి అసలు కలవక వైఫై మీటను ఒకసారి ఆపి ఆన్ చేయవలసి వస్తుంది. పవర్ సేవింగ్ ఆపినా, డ్రైవర్ మార్చినా, 21 నుంచి 22కి వెళ్లినా అది మారలేదు. కాల్ ఉన్న రోజుల్లో లాప్‌టాప్‌ను మూయకుండా తెర మాత్రమే ఆర్పి ఉంచుతున్నాను.